ఏడు శనివారాల ఇంజను

మొన్న అమలాపురంలో మోటారుసైకిళ్ళ షోరూంలో తగువు పడ్డాను. పడాల్సిన పని లేదు. నా బండి అద్దం విరిగితే కొత్తది కొనుక్కోడానికి వెళ్ళినదాన్ని, కొనుక్కుని వచ్చేయొచ్చు. కానీ పక్కనే ఒక కొత్తజంట బండి తాళాలు అందుకుంటున్నారు, మేనేజరు వాళ్ళకి ఉపదేశం చేస్తున్నాడు.

"ఫస్టు సర్వీసింగు దాకా నలభై దాటకండి సార్. నలభైలో పెట్టేసి అలా వెళ్ళిపోతూ ఉండండి. బండి తియ్యని రోజున పొద్దున్నే స్టాండు మీద పది నిమిషాలు ఆన్‌లో ఉంచండి, చాలు."

మూడు మాటల్లో రెండు తప్పులు. పరీక్ష పేపరైతే మార్కులు కొట్టేసి పక్కన పెడతాను. ఇది బండి, ఊరుకోలేకపోయేను.

"నలభైలో పెట్టేసి వెళ్ళిపోతూ ఉంటే ఇంజను సెట్టవ్వదండి. స్టాండు మీద ఊరికే తిప్పితే ఇంకా పాడవుతుంది," అన్నాను.

మేనేజరు నవ్వేడు. నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి ఇంజను గురించి మాట్లాడితే మగవాళ్ళు నవ్వే నవ్వు ఒకటుంటుంది. మా కాలేజీ స్టాఫ్ రూములో కూడా దొరుకుతుంది.

"మీకెవరు చెప్పేరు మేడమ్?"

చెప్పినాయన పోయి నాలుగు నెలలైంది. ఆ మాట ఆ ఏసీ గదిలో అనబుద్ధి కాలేదు. "ఒకాయన," అనేసి, ఆ జంటని బయటికి పిలుచుకెళ్ళి పావుగంట పాఠం చెప్పి, అద్దం సంగతి మర్చిపోయి ఇంటికొచ్చేను. వచ్చేక కూడా ఆ "ఒకాయన" అన్న మాట నన్ను వదల్లేదు. అంత చిన్న మాటలో సరిపెట్టాల్సిన మనిషి కాదు.

అంబాజీపేటలో ఆయన పేరు సగం మందికి తెలియదు. అందరికీ బాబాయిగారే. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యేరు. నేను ఎరిగేనాటికి డెబ్బై దాటేయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన పంచె. కుడిచేతి చూపుడువేలి గోరు ఏ సబ్బుకీ తెల్లబడలేదు. చిన్న చెక్క పీట ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. బండి ముందు నిలబడి చూడ్డం ఆయనకి గిట్టదు.

"నించుంటే రంగు కనబడుద్దండి. కూర్చుంటే ఇంజను కనబడుద్ది," అనేవారు.

సొంత బండి లేదు. ఎందుకు కొనుక్కోలేదని అడిగితే, "ముప్పై ఏళ్ళు బస్సులు బాగుచేసేనండి. బాగయ్యేయో లేదో ఎక్కి చూసుకోవాలి కదండి," అనేవారు. రిటైరయ్యేక ఇచ్చిన పాసు జేబులో పెట్టుకుని కోనసీమంతా బస్సుల్లోనే తిరిగేరు. బస్సెక్కి కూర్చోగానే కళ్ళు మూసుకునేవారు. పక్కవాళ్ళు నిద్రనుకునేవారు. దిగేటప్పుడు డ్రైవరు దగ్గర ఆగి, "మూడో గేరు దగ్గర ఏదో గొణుగుతుంది, ఓసారి చూపించు బాబూ," అని చెప్పి దిగేవారు.

కొత్త బండి కొన్నవాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళడం మా వైపు ఒక అలవాటు. షోరూం, గుమ్మం ముందు కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, తర్వాత అంబాజీపేట. మొదటి ఐదొందల కిలోమీటర్లూ ఎలా నడపాలో చెప్పి, మధ్యలో చూసి, చివర్న పాత ఆయిలు దింపి కొత్తది పోసేవారు. రూపాయి పుచ్చుకునేవారు కాదు. ఆ దింపిన నల్ల ఆయిలే ఆయన ఫీజు. దాన్ని చెదపట్టకుండా చెక్కలకి పూసేవారు. వాళ్ళింటి కంచె గుంజలు, గేటు, కోళ్ళగూడు అన్నీ నిగనిగలాడుతూ నల్లగా ఉండేవి. పిన్నిగారు, అంటే ఆయన భార్య, "ఇంకొన్నాళ్ళు పోతే నాకూ పూస్తారు," అనేవారు.

ఇక ఆయన వైద్యం. ఎవరొచ్చినా ఒకటే చెప్పేవారు. ఏడు శనివారాలు వాడపల్లి వెళ్ళి రండి.

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు మొక్కుకోవడం కొత్తేమీ కాదు. విచిత్రమల్లా చెప్పే మనిషిది. బాబాయిగారు ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. వాళ్ళ తాతల కాలం నించీ క్రైస్తవులు.

నేను మొదటిసారి విన్నప్పుడు ఊరుకోలేదు. "మీరు చర్చికెళ్తూ మమ్మల్ని వెంకన్న దగ్గరికి పంపుతారేంటండీ?" అన్నాను.

"ఆయ్. మా చర్చి ఇంటెదురేనండి. ఎదురింటికి వెళ్తే ఇంజను సెట్టవ్వదండి."

తర్వాత వివరంగా చెప్పేరు. "మీరు అమలాపురంలో బయల్దేరితే ఇక్కడిదాకా ఊళ్ళు, స్పీడు బ్రేకర్లు. గేర్లన్నీ వాడాలండి. ఇక్కణ్ణించి కొత్తపేట దాకా కొంచెం సాగుద్ది. రావులపాలెం దగ్గర హైవే తగులుద్ది, రెండు మూడు కిలోమీటర్లు లాగొచ్చు. లొల్ల దగ్గర కాలవ లాకులు దాటితే గట్టు మీద మలుపులు. గుడి దగ్గర జనంలో ఫస్టు గేరు. ఇన్ని రకాలు ఒకే రోడ్డులో ఇంకెక్కడున్నాయండి. మీరు లోపల ఏడు చుట్లూ తిరిగొచ్చేసరికి గంట, గంటన్నర. ఇంజను పూర్తిగా చల్లారుద్ది. ఇంటికొచ్చేక మళ్ళీ శనివారం దాకా ముట్టుకోవద్దు. సందు చివర కొట్టుకి అసలే తీసుకెళ్ళద్దు. ఏడు వారాలకి ఐదొందలు దాటుద్దండి. దేవుడి లెక్క నాకు తెలీదు గానీ రోడ్డు లెక్క సరిపోద్దండి."

నేను ఆయన్ని పిలిచింది ఈ లెక్క కోసం కాదు. మా ఇంట్లో ఒక మనిషి మంచం దిగడం లేదు, అందుకు.

మా ఆయనది కొబ్బరి వ్యాపారం. తోటల్లో దింపు, అంటే చెట్ల మీంచి కాయలు దించడం, అయ్యేక రాశి పోస్తారు. ఆ రాశి దగ్గరికి వెళ్ళి, కాయ చేత్తో తూచి, చెవి దగ్గర ఊపి, రైతుతో బేరం తెంపి, సరుకు లారీకెత్తించడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. ఆ పని మీద తిరగడానికి కొత్త మోటారుసైకిలు కొన్నారు. కొన్న పదకొండో రోజున కాకినాడలో కంటి డాక్టరు, చక్కెర జబ్బు వల్ల కంటి వెనక పొర దెబ్బతిందనీ, ఉన్న చూపు నిలుస్తుంది గానీ బండి మాత్రం ఇక నడపొద్దనీ చెప్పేడు.

ఆ రోజు ఇంటికొచ్చి పడుకున్న మనిషి లేవలేదు. రైతులు ఫోన్లు చేస్తే ఎత్తలేదు. ఆటోలో వెళ్ళమన్నాను. తోటల్లోకి ఆటో రాదన్నారు. డ్రైవర్ని పెట్టుకోమన్నాను. వినలేదు. నా స్కూటీ వెనకాల కూర్చోమన్నాను. ఆ చిన్న చక్రాలు గట్టు మీద నిలబడవన్నారు, అది నిజమే, కానీ ఆయన బాధ చక్రాల గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

తోటలో దింపు యాభై అరవై రోజులకోసారి వస్తుంది. ఒక దింపు అప్పటికే మా ఆయన లేకుండా అయిపోయింది. రైతులు మంచివాళ్ళు కాబట్టి ఆ ఒక్కసారికి ఎవరికో ఇచ్చి, వచ్చేసారి మీకేనన్నారు. రెండోసారి కూడా కనబడకపోతే ఎవరు ఆగుతారు? ఇరవై ఆరేళ్ళ తోటలు వేరే చేతుల్లోకి వెళ్ళిపోతాయి. ఆ పని పోతే ఈ మనిషి ఇక లేవడని నాకు భయం. అందుకని ఆ బండి నేనే నడుపుతానన్నాను. కాలేజీ గ్రౌండులో మా తమ్ముడి పాత బండి మీద గేర్లు నేర్చుకుని, లైసెన్సుకి పెట్టి, బాబాయిగారిని ఇంటికి పిలిచేను.

బస్సులో వచ్చేరు. వరండాలో పీట వేసుకుని కూర్చున్నారు. మీటరు చూసేరు, అరవై చిల్లర కిలోమీటర్లు. సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి తీసేరు. వేలు నల్లగా వచ్చింది. ఆయన మొహం మారింది.

"దీన్ని రోజూ ఎవరండి స్టార్ట్ చేస్తున్నారు?"

"మా ఆయన. పొద్దున్నే వచ్చి, స్టాండు మీదే సీటెక్కి కూర్చుని, ఒక పది నిమిషాలు తిప్పి, ఆపేసి లోపలికి వెళ్ళిపోతారు. పాడవకుండా ఉంటుందని."

రోజు మొత్తం మీద ఆయన మంచం దిగేది ఆ పది నిమిషాలే. అది నేను చెప్పలేదు. బాబాయిగారు కిటికీ వైపు చూసేరు. లోపల మా ఆయన వింటున్నారని ఇద్దరికీ తెలుసు. తిడతారనుకున్నాను. ఆయన గొంతు పెంచి, "బండిని బాగా చూసుకుంటున్నారండి," అన్నారు.

గేటు దగ్గర మాత్రం అసలు సంగతి చెప్పేరు. "నెలరోజులు కదలకుండా తిప్పేరండి. కొత్త ఇంజనంటే లోపల గోడ గరుకండి. పిస్టను రింగు కొత్తది. రెండిటికీ ఇంకా పరిచయం లేదు. ఒరుసుకోవాలి. ఒరుసుకోవాలంటే కొంచెం గట్టిగా, కొంచెం మెల్లగా, మార్చి మార్చి తిరగాలి. ఊరికే మెల్లగా తిప్పేరనుకోండి, ఒరుసుకోకుండానే గోడ నున్నబడిపోద్ది. ఇంక జన్మలో అతుక్కోదండి. ఆ సందులోంచి ఆయిలు పైకొచ్చి పొగైపోద్ది. అందరూ జాగ్రత్తగా నడిపేనండీ అంటారు. ఆ జాగ్రత్తే చంపేసిందండి."

"పాడైపోయిందా అయితే?"

"ఇంకా లేదండి. రేపట్నించి తాళం మీ దగ్గర పెట్టుకోండి."

"ఎందుకు తీసేనంటే ఏం చెప్పను?"

"మీరు నడుపుతున్నారని చెప్పండి. కోపం వస్తే రానీండి. ఊరికే కూర్చోడం కంటే కోపం నయమండి."

కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రెండు రోజులూ ఇంట్లో మళ్ళీ మనిషి ఉన్నట్టనిపించింది.

మొదటి శనివారం ఒక్కదాన్నే బయల్దేరేను. మొదటి రెండు వారాలూ వెనకాల ఎవరూ ఉండకూడదన్నారు. నేను కాలేజీలో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ నించి ప్రిన్సిపాలు దాకా ఎవరికీ భయపడలేదు గానీ, ఆ రోజు స్పీడు ముల్లుకి భయపడ్డాను. నలభై మీద పెట్టి, పై గేరులో, అంగుళం కదలకుండా వాడపల్లి దాకా పోయేను. పోయేనని గర్వం కూడా.

బాబాయిగారు నా కంటే ముందే బస్సులో వచ్చి, చెప్పుల స్టాండు పక్కన పీట మీద కూర్చుని ఉన్నారు. వేలు తడి చేసుకుని ఇంజనుకి తాకించేరు. నా వైపు చూసేరు.

"నలభైలో పెట్టేసి వచ్చేరు కదండీ మేడమ్ గారూ."

"మీకెలా తెలుసు?"

"పదింటికి వస్తానన్నారు, పదింటికే వచ్చేరు. సెట్టు చేసేవాళ్ళు చెప్పిన టైముకి రారండి."

"నేను కంపెనీ వాళ్ళ పుస్తకం చదివే బయల్దేరేనండి."

"ఆయ్. పుస్తకంలో నలభై దాటొద్దని ఉందండి. నలభై దగ్గరే చచ్చేదాకా ఉండమని ఉందాండి?"

లేదు. ఇంటికొచ్చి చూసేను, ఒకే వేగంలో నడపొద్దని కూడా ఉంది. అక్షరం అక్షరం చదివే మనిషిని, ఆ ఒక్క వాక్యం దాటేసేను. భయం ఉన్నప్పుడు మనక్కావలసిన వాక్యమే కనబడుతుంది కాబోలు.

రెండో శనివారం మార్చి మార్చి నడిపేను. ఇరవై ఐదు, నలభై, మళ్ళీ ముప్పై. వంతెన ఎక్కేటప్పుడు గేరు దించేను. రావులపాలెం దగ్గర కొంచెం లాగేను. బాబాయిగారు ఈసారి వేలు తాకించి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మార్కులు. గుడిలోంచి ప్రసాదం తెచ్చి పెట్టబోతే, "నాకొద్దండి, మీ పిన్నిగారికి తెలిస్తే ఇంట్లో అన్నం ఉండదు," అని, నా చెప్పులు మాత్రం జాగ్రత్తగా పక్కకి జరిపేరు.

ఆ గురువారం సాయంత్రం మా ఇంటికి వచ్చేరు. నేను పిలవలేదు. తిన్నగా మా ఆయన మంచం దగ్గరికి వెళ్ళి, పీట వేసుకుని కూర్చున్నారు.

"అయ్యా, రెండు వారాలు ఖాళీగా తిప్పేమండి. మూడో వారం నించి ఇంజనుకి బరువు చూపించాలి. వెనకాల డెబ్బై, డెబ్బై అయిదు కేజీల మనిషి కావాలండి. నేను యాభై రెండు. చాలను. మీరెంతుంటారండి?"

మా ఆయన దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. తర్వాత, "డెబ్బై నాలుగు," అన్నారు.

"సరిగ్గా సరిపోతారండి."

"బియ్యం బస్తా కట్టుకోమనండి."

"బస్తాతో కుదరదండి. మలుపులో మనిషి వంగుతాడు, బస్తా వంగదు. ఇంజనుకి తెలిసిపోద్ది."

"ఈ వయసులో పెళ్ళాం వెనకాల కూర్చుని ఊళ్ళన్నీ తిరగమంటారా నన్ను?"

"ఊళ్ళెందుకండి. గుడికండి. శనివారం వాడపల్లి వెళ్ళేవాణ్ణి ఎవరు ఎగతాళి చేస్తారండి. కళ్ళ గురించి మొక్కుకున్నారనుకుంటారు."

నేను గుమ్మంలో నిలబడి నోరు తెరవబోయేను. నెలన్నరగా ఈ మనిషితో వాదిస్తున్నాను. ఆడా మగా సమానం అన్నాను, మీ అమ్మ బండి తోలితే ఎక్కేవారు కాదా అన్నాను, మీకున్నది కంటి జబ్బు కాదు మగ జబ్బన్నాను. ఒక్కటీ పనిచెయ్యలేదు. బాబాయిగారు నా వైపు చూడకుండానే, "మేడమ్ గారూ, కాస్త మంచినీళ్ళిప్పిస్తారా," అన్నారు. నీళ్ళు తెచ్చేసరికి మా ఆయన అడుగుతున్నారు.

"ఎన్ని వారాలు?"

"అయిదండి. తర్వాత మీ ఇష్టం."

మూడో శనివారం మా ఆయన గళ్ళ తువ్వాలు తలకి చుట్టుకుని, దాదాపు మొహం కూడా కప్పేసుకుని, నా వెనకాల కూర్చున్నారు. నన్ను ముట్టుకోలేదు. వెనక కడ్డీ పట్టుకున్నారు. అంబాజీపేట దాటేదాకా మాటల్లేవు. కొత్తపేట దాటేక, "గేరు మార్చు, ఏడుస్తోంది," అన్నారు. మార్చేను. లొల్ల దగ్గర, "ఇప్పుడు వదులు," అన్నారు. వదిలేను. ఆయనకి రోడ్డు మసకగానే కనబడుతుంది గానీ ఇంజను బాగా వినబడుతోంది. గుడిలో ఏడు చుట్లూ ఆయనే తిరిగొచ్చేరు. శనివారం ఆ జనంలో కళ్ళతో పనేముంది, వాళ్ళే మోసుకెళ్ళి మోసుకొస్తారు.

ఆయన లోపలుండగా నేను బాబాయిగారి పక్కన గట్టు మీద కూర్చునేదాన్ని. నాలుగో వారమో అయిదో వారమో, సంచిలోంచి కంపెనీ పుస్తకం తీసేను. ఈసారి ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివి తెచ్చేను.

"బాబాయిగారూ, వెనకాల మనిషి ఉండాలని ఇందులో ఎక్కడా లేదండి. కొత్తలో బరువు తగ్గించమనే ఉంది."

"ఆయ్."

"మలుపులో బస్తా వంగదని, ఇంజనుకి తెలిసిపోతుందని చెప్పేరు."

"చెప్పేనండి."

"అది అబద్ధం కదండీ."

ఆయన చెప్పుల స్టాండు వైపు చూసేరు. "ఆ పుస్తకం రాసినాయన మీ ఆయన్ని చూళ్ళేదు కదండి," అన్నారు.

"దీనివల్ల ఇంజను పాడైతే?"

"డెబ్బై నాలుగు కేజీలకి పాడయ్యే ఇంజను మన దేశంలో అమ్మరండి. కొంచెం ఎక్కువ అరుగుద్ది. ఏడో వారం ఆయిల్లో చూద్దాం. మనిషిని ఇంట్లో వదిలేస్తే అరిగేది అంతకంటే ఎక్కువండి."

 ఇరవై నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, జవాబు కోసం ఆ పేజీ మళ్ళీ తిరగేసేను. ఆయన అది చూసి, "పుస్తకం లోపల పెట్టుకోండి, వానొచ్చేలా ఉంది," అన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పేయాలి. నాలుగు నెలల కిందట ఆయన్ని సమాధి చేసిన రోజున ఒక పెద్దమనిషి లేచి, బాబాయిగారు బండ్లు నడపడం కాదు, జీవితం నడపడం నేర్పేరని చాలాసేపు మాట్లాడేడు. వినలేకపోయేను. బాబాయిగారు నేర్పింది బండ్లు నడపడమే. అది ఆయనకి క్షుణ్ణంగా తెలుసు, అందులో ఆయన్ని మించినవాళ్ళు లేరు. దానికి ఇంకో పెద్ద అర్థం అతికించకపోతే ఆ పనికి గౌరవం లేదా? నేను పక్కావిడతో అన్నది కొంచెం గట్టిగానే వినబడింది. పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూనే, "బాగా చెప్పేవమ్మా. ఆయనకి ప్రసంగాలంటే పడేది కాదు. ఫాదరు గారు ఎక్కువసేపు మాట్లాడినా వాచీ చూసుకునేవారు," అన్నారు.

అలాగని ఆయనకి మనుషుల సంగతి తెలియదని కాదు. తెలిసినట్టు ఎక్కడా కనబడేవారు కాదు, అంతే. అది నేను ఏడో శనివారం చూసేను.

ఆ వారం ఆయన వాడపల్లి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బండి వేడిగా ఉండగానే తన ఇంటికి తెమ్మన్నారు, ఆయిలు వేడి మీదైతేనే పూర్తిగా దిగుతుందట. వెళ్ళేసరికి కొబ్బరి నీడలో గోనెపట్టా పరిచి, స్పానరు, తెల్ల పింగాణీ పళ్ళెం సిద్ధంగా పెట్టుకున్నారు. మా ఆయన తలకి తువ్వాలు లేకుండానే దిగేరు. ఏ వారం నించి చుట్టుకోవడం మానేసేరో నేను గమనించలేదు.

ఆయిలు నల్లగా ధారకట్టి దిగింది. బాబాయిగారు కొంచెం పళ్ళెంలో పట్టి ఎండలోకి వంచేరు. నల్లటి దాంట్లో సన్నగా వెండి మెరుపులు. లోపల ఒరుసుకుని రాలిన లోహపు పొడి. నేను వంగి చూసేను. మా ఆయన కూడా వంగేరు, కళ్ళు చికిలించేరు, మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. ఆ మెరుపు ఆయనకి కనబడదు.

"చూస్తే ఏం తెలుస్తుందండి. చెయ్యిలా ఇవ్వండి," అన్నారు బాబాయిగారు. ఆయిలు ఒక చుక్క మా ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసేరు. "రుద్ది చెప్పండి."

మా ఆయన రుద్దేరు. కాయ చేత్తో తూచేటప్పుడు మొహం ఎలా ఉంటుందో అలా పెట్టేరు. "సన్నగా ఉందండి. రవ్వ కాదు, పిండిలా ఉంది. పెచ్చులేం తగల్లేదు."

"అదేనండి కావలసింది. పెచ్చులు తగిలితే భయపడాలి. పిండైతే బాగా సెట్టయినట్టే."

అప్పుడే రోడ్డు మీద పోతున్న ఒకాయన సైకిలు ఆపి గేటు దగ్గరికి వచ్చేడు. కొత్తపేట వైపు తోట ఉన్న రైతు. మా ఆయనకి ఇరవై ఏళ్ళుగా కాయలమ్ముతున్నవాడే.

"ఏమండీ షావుకారుగారూ, మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయిందండి. ఫోనెత్తరు. ఎల్లుండే మా తోటలో దింపండి. అవతల ఇంకో ఆయన వచ్చి కూర్చుంటున్నాడు. మీరొస్తారా రారా, ఒక్క మాట చెప్పండి. రానంటే ఆయనకే ఇచ్చేస్తానండి, మరోలా అనుకోకండి."

 మా ఆయన వేళ్ళ మధ్య ఆయిలు ఇంకా రుద్దుతూనే ఉన్నారు.  వస్తారండీ, ఎందుకు రారూ, అని నోటిదాకా వచ్చింది. అంటే అయిపోయేది. రైతు నా మాటకి తలూపేవాడు, మా ఆయన సోమవారం మళ్ళీ మంచం మీద ఉండేవారు.

బాబాయిగారు ఒక్కడుగు నా వైపు వచ్చి, "మేడమ్ గారూ, ఇది కాస్త పట్టుకోండి, ఒలికిపోద్ది," అని ఆ పళ్ళెం నా రెండు చేతుల్లో పెట్టేరు. లోతు లేని పళ్ళెం, ఆయిలు అంచు దాకా జారుతోంది. కదిలితే చీర మీద పడుతుంది. నేను దాన్ని చూసుకుంటూ బిగుసుకుపోయి నిలబడ్డాను. ఆయన వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చుని, స్పానరు తుడుచుకోవడం మొదలెట్టేరు. ఎవరి వైపూ చూడలేదు.

"దింపు ఎన్నింటికి మొదలెడతారు?" అన్నారు మా ఆయన.

"ఆరింటికేనండి. ఎనిమిదికల్లా రాశి పడిపోద్ది."

"వస్తాను. ఆ అవతలాయనకి వద్దని చెప్పెయ్."

"ఎలా వస్తారండి మరి? కళ్ళు బాగోలేదని విన్నాను."

"మా ఆవిడ తీసుకొస్తుంది. బండి నడుపుతుంది."

రైతు నన్నూ బండినీ చూసేడు. ఏదో అనబోయేడు గానీ, "ఆయ్, మంచిదండి. ఎల్లుండి టీ అక్కడే తాగుదురు గాని," అని సైకిలెక్కి వెళ్ళిపోయేడు.

మా ఆయన నా వైపు తిరిగేరు. "సోమవారం నీకు క్లాసు ఎన్నింటికి?"

"పదిన్నరకి."

"సరిపోతుంది. తొమ్మిదికల్లా బేరం తెంపేస్తాను."

బాబాయిగారు పీట మీంచి లేచి వచ్చి, నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకున్నారు.